తీరిక వేళ, పిట్టల గోల



పెళ్లి సంబంధాల కోసం రాసే బయోడేటాలో చివర ఒక గడి ఉంటుంది, హాబీలు అని. ఉద్యోగం దరఖాస్తుల్లోనూ ఉంటుంది. మనవాళ్లు దాన్ని ఖాళీగా వదిలిపెట్టరు. పుస్తకాలు చదవడం, పాటలు వినడం అని రాసిపారేస్తారు. కాస్త హుషారైన కుర్రాడైతే క్రికెట్ అని చేరుస్తాడు. అమ్మాయి అయితే ఇంట్లో పెద్దవాళ్లు వంట, ముగ్గులు అని కలుపుతారు. అవి అమ్మాయి సరదాలు కావు, అవతలివాళ్లకు ఇచ్చే హామీలు. ఒకసారి గడి నిండిందా, ఇక దాని సంగతి ఎవరికీ పట్టదు. ఇంటర్వ్యూలో ఎవరో ఒక పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని "ఈమధ్య ఏం పుస్తకం చదివావు బాబూ?" అని అడిగినప్పుడు మాత్రం గొంతు ఆరిపోతుంది.

చిన్నప్పుడు అందరికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. అగ్గిపెట్టెల మీది బొమ్మలు కత్తిరించి దాచేవాళ్లు, తపాలా బిళ్లలు తడిపి ఊడదీసేవాళ్లు, గాలిపటానికి మాంజా తయారుచేసేవాళ్లు. చదువులు ముదిరి, ఉద్యోగాలు వచ్చి, పెళ్లిళ్లయ్యేసరికి అవన్నీ అటకెక్కుతాయి. నలభై దాటాక, యాభై దాటాక ఎవరైనా కొత్తగా ఏదైనా మొదలుపెడతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "ఇప్పుడది నేర్చుకుని ఏం చేస్తారు?" అని. రిటైరైన ఆయన హార్మోనియం కొంటే "కచేరీలు చేస్తారా ఏమిటి?" అంటారు. ఇది వేళాకోళం, నవ్వేసి ఊరుకోవచ్చు. నన్ను భయపెట్టేది మెచ్చుకోలు. ఒకావిడ మధ్యాహ్నం పూట తన తృప్తి కోసం ఓ బొమ్మ వేసుకుంటుంది. చూసినవాళ్లు ఊరుకోరు. "ఎంత బాగా వేశావే, ఇవి అమ్మకూడదూ?" అంటారు. పచ్చడి రుచిగా కుదిరితే "యూట్యూబ్ ఛానెల్ పెట్టు" అంటారు. మంచి మనసుతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాట విన్న మర్నాటి నుంచి ఆవిడ బొమ్మ వేయడం మానేసి, ఏ బొమ్మ అమ్ముడుపోతుందా అని ఆలోచించడం మొదలుపెడుతుంది. ఉన్న ఒక్క తీరిక గంటా దుకాణం అయిపోతుంది.

చేతకాకుండా చేయగలిగే పని ఒకటి మనిషికి ఉండాలని నా అభిప్రాయం. ఆఫీసులో చేతకాదంటే కుదరదు, వంటింట్లో అసలే కుదరదు. సరదాకి చేసే పనిలో మాత్రం తప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు, తప్పులు పట్టేవాళ్లూ ఉండరు.

ఈ మధ్య మన ఊళ్లలో ఆడవాళ్లు జట్లు కట్టి కోలాటం నేర్చుకుంటున్నారు. పెద్ద వయసువాళ్లు కూడా ఒకే రంగు చీరలు కట్టుకుని గుడి దగ్గర అడుగులు వేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. మిద్దె తోటలు పెరిగాయి. డాబా మీద పాత బకెట్లలో వంకాయలు, టమాటాలు కాయిస్తున్నారు. ఇవన్నీ మంచివే. అయితే కోలాటానికి జట్టు కావాలి. మిద్దె తోటకు మిద్దె కావాలి, అద్దె ఇల్లయితే దాంతోపాటు ఓనరుగారి దయ కావాలి. వీణకు గురువు కావాలి, ఇరుగుపొరుగువాళ్లకు ఓర్పు కావాలి. ఇవేవీ అక్కర్లేని సరదా ఒకటుంది. దాని గురించే ఇవాళ చెప్పాలని కూర్చున్నాను. పిట్టల్ని చూడటం.

నవ్వకండి. పిట్టల్ని చూడటం కూడా ఒక పనేనా, రోజూ చూస్తూనే ఉన్నాం కదా అంటారు. చూస్తున్నాం, నిజమే. కానీ మీ ఇంటి చుట్టూ ఎన్ని రకాల పిట్టలు తిరుగుతున్నాయో చెప్పమంటే కాకి, పిచ్చుక, పావురం, గోరింక, చిలక దగ్గర ఆగిపోతాం. ఒక చెట్టు, ఒక నీటి గుంట, కాస్త పిచ్చిమొక్కల ఖాళీ స్థలం ఉన్న వీధిలో అంతకు రెండు మూడింతల రకాలు సులువుగా ఉంటాయి. మన పక్కనే కాపురం ఉంటున్నాయి, మనకు పరిచయం లేదు, అంతే.

పైగా ఇది మన తీరికకు సరిపోయే సరదా. ఆడవాళ్ల తీరిక గంటల లెక్కన దొరకదు. కుక్కర్ మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య కాసేపు, పిల్లల బస్సు వచ్చేలోపు కాసేపు, నీళ్ల ట్యాంకు నిండేదాకా కాసేపు. ఇలాంటి ముక్కల తీరికలో నవల చదవలేం, సంగీతం సాధన చేయలేం. కిటికీలోంచి ఓ పిట్టను మాత్రం నిక్షేపంగా చూడొచ్చు.

మా వంటింటి కిటికీ అవతల ఒక మందార చెట్టు ఉంది. దానికి తేనెపిట్టలు వస్తాయి. బొటనవేలంత ప్రాణం, వంకీ తిరిగిన సన్నటి ముక్కు. మగది దూరం నుంచి చూస్తే నల్లగా కనిపిస్తుంది. ఎండ పడిందంటే మెడ మీద వంగపండు రంగు, ఆకుపచ్చ, ముదురెరుపు ఒకదాని తరువాత ఒకటి మెరుస్తాయి. ఆడది అలా ఉండదు, కింద లేత పసుపు, పైన మట్టిరంగు. ఒక వేసవిలో, డాబా మీద బట్టలారేసే తీగకు వేలాడుతున్న పాత తాడు ముక్కకు ఆ ఆడపిట్ట గూడు కట్టడం మొదలుపెట్టింది. నేను బట్టలారేసే వంకతో చూస్తూ ఉండేదాన్ని. మొదట సాలీడు గూళ్ల పోగులు తెచ్చింది. ముక్కుకు చుట్టుకొచ్చి తాడుకు అతికించడం, మళ్లీ పరుగు. అదే దాని సిమెంటు. ఆ పోగుల్లో ఎండిన గడ్డి, బెరడు పీలికలు, ఎగిరొచ్చిన దూది, ఆఖరికి గొంగళిపురుగు రెట్టలు కూడా అతికించింది. చూసినవాళ్లకు అది గూడనిపించదు. గాలికి చిక్కుకున్న చెత్త అనుకుని చీపురుతో దులిపేస్తారు. అదే దాని ఎత్తు. లోపలికి దూరి రొమ్ముతో అటూ ఇటూ నెట్టి గది చేసుకుంది. ద్వారం పైన చిన్న చూరు కూడా దించింది, వాన జల్లు లోపలికి కొట్టకుండా. ఈ పనంతా జరుగుతున్నంతసేపూ మగపిట్ట పక్క తీగ మీద కూర్చుని మెరుస్తూ పాడుతూ ఉంది. ఏ ఇంట్లో చూసినా ఇంతేనా అనిపించింది కానీ, న్యాయంగా చెప్పాలంటే పిల్లలు పుట్టాక అది కూడా పురుగులు తెచ్చి పెట్టింది.

పేర్లు తెలియడం లేదని ఎవరూ వెనకాడక్కర్లేదు. తెలిసినవాళ్లు పక్కనే ఉంటారు. నేను మెడ వెనక్కి వాల్చి వేపచెట్టు మీదికి చూస్తుంటే మా వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "ఏం పోయిందమ్మా? బట్టలేమైనా ఎగిరిపోయి చెట్టు మీద పడ్డాయా?" అన్నాడు. లేదయ్యా, ఆ నల్ల పిట్ట ఏమిటో చూస్తున్నాను, తోక చేప తోకలా చీలి ఉంది అన్నాను. అతను తల ఎత్తి కూడా సరిగ్గా చూడలేదు. "అదా? పసుల పోలిగాడమ్మా. మా ఊళ్లో గేదెల మీద ఎక్కి తిరుగుద్ది. గడ్డిలోంచి పురుగులు లేస్తాయి గదా, వాటికోసం. చూట్టానికి ఇంతే గానీ మా గొప్ప ధైర్యమమ్మా దానికి. గద్దనైనా తరిమేస్తది" అన్నాడు. పుస్తకం తీసి చూస్తే దాని ఇంకో పేరు ఏట్రింత. గద్దల్ని తరిమే సంగతీ నిజమే. అందుకే వేరే చిన్నాచితకా పిట్టలు ఏట్రింత గూడు ఉన్న చెట్టును వెతుక్కుని మరీ తమ గూళ్లు కట్టుకుంటాయట, కాపలా ఉంటుందని. ఆ రోజు నుంచి మా వాచ్‌మనే నా గురువు. బురదలో కదలకుండా నిలబడే గుడ్డికొంగను, నడుస్తూ దొంగచూపులు చూసే జెముడుకాకిని, తల మీద విసనకర్ర విప్పే కూకుడుగువ్వను చూపించింది అతనే. పొలాల మధ్య పెరిగినవాళ్లకు ఇవన్నీ హాబీలు కావు, ఇరుగుపొరుగు.

ఈ విద్యకు మన దేశంలో పెద్దదిక్కు సలీం అలీ. 1896లో పుట్టి, 1987 దాకా బతికిన ఆ బక్కపలచటి మనిషి కథలో నాకు ఇష్టమైన ఘట్టం ఒకటుంది. ఆయన బొంబాయి మ్యూజియంలో ప్రకృతి విభాగం చూపించే చిన్న ఉద్యోగం చేసేవాడు. సెలవు పెట్టి జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం చదువుకుని 1930లో తిరిగొచ్చాడు. వచ్చేసరికి, నిధులు లేవంటూ ఆ ఉద్యోగమే తీసేశారు. చేతిలో చదువుంది, జీతం లేదు. భార్య తెహ్మినా తరఫువాళ్లకు బొంబాయికి అవతల సముద్రం ఒడ్డున కిహిమ్ అనే పల్లెలో ఇల్లుంటే అక్కడికి వెళ్లి చేరాడు. మన ఇళ్లలో అయితే ఏమంటారో ఊహించుకోండి. చదువుకున్న అల్లుడు ఉద్యోగం పోగొట్టుకుని అత్తవారి ఇంట్లో కూర్చున్నాడు, సరే. కూర్చుని ఏం చేస్తున్నాడు? ఆ వానాకాలమంతా గిజిగాళ్లు గూళ్లు కట్టడం చూస్తున్నాడు!

గిజిగాడి గూడు మనలో చూడనివాళ్లు ఉండరు. ఈతచెట్టుకో, తాటాకు చివర్లకో, దిగుడుబావి మీదికి వంగిన తుమ్మ కొమ్మకో సీసాల్లా వేలాడుతుంటాయి. కానీ అవి ఎలా తయారవుతాయో నిలబడి చూసినవాళ్లు తక్కువ. కట్టేది మగపిట్టే. వరి ఆకునో తాటాకునో అంచున కొరికి పట్టుకుని ఎగిరిందంటే సన్నటి పేలిక జర్రున చీలుకొస్తుంది, జానెడు, కొన్నిసార్లు అంతకు రెండింతలు. ఒక్క గూటికి అలా అయిదు వందల దాకా తిరుగుతుందంటారు. ఎనిమిది రోజులకు గూడు సగమై, తలకిందులైన టోపీలా వేలాడుతుంది. అక్కడ ఆపుతుంది. ఆ సగం గూటికి వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ అరుస్తుంది. ఆడపిట్టలు వస్తాయి, లోపలికి దూరతాయి, లాగి చూస్తాయి, గుచ్చి చూస్తాయి. నచ్చకపోతే పోతాయి. ఒకదానికి నచ్చిందంటే అప్పుడు మిగతా గూడు, ఆ పొడుగాటి గొట్టం ద్వారం పూర్తవుతాయి. మొత్తం పద్దెనిమిది రోజుల పని. అందరూ ఇదొక అన్యోన్య దాంపత్యం అనుకుంటారు. సలీం అలీ రోజుల తరబడి కూర్చుని చూసి తేల్చిందేమిటంటే, ఒక ఇల్లాలు గుడ్ల మీద కూర్చోగానే మన గిజిగాడు పక్క కొమ్మకు ఇంకో గూడు మొదలుపెడతాడు, ఇంకో ఇల్లాలి కోసం. గూళ్ల సంఖ్య చూసి సంసారాల లెక్క కట్టకూడదన్నమాట. ఈ సంగతులన్నీ రాసిన వ్యాసం అచ్చయ్యాక ఆయన పేరు పక్షులవాళ్లందరికీ తెలిసింది. ఆ తరువాత నిజాం రాజ్యంలోని పక్షుల్ని సర్వే చేయడానికి హైదరాబాదు వచ్చాడు. 1931, 32ల్లో భార్యతో కలిసి మన తెలంగాణ అడవుల్లో, చెరువు గట్ల మీద డేరాలు వేసుకుని తిరిగాడు.

అంటే చూశారా, సరదా చివరికి ఉద్యోగానికి పనికొచ్చింది కదా అంటారేమో. ఆయనకు కలిసొచ్చింది, ఒప్పుకుంటాను. అలా కలిసిరాని మనిషి గురించి కూడా చెబుతాను. కాంగ్రెస్ మహాసభను స్థాపించిన ఏ.ఓ. హ్యూమ్ పేరు మనమంతా చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో బట్టీ పట్టినవాళ్లమే. ఆయన బ్రిటిష్ ప్రభుత్వంలో పెద్ద అధికారి, తీరిక దొరికితే పిట్టలే లోకం. సిమ్లాలో ఇంటినిండా వేలకొద్దీ పిట్టల నమూనాలు పెట్టాడు. ఇండియా పక్షుల మీద ఓ మహాగ్రంథం రాయాలని పాతికేళ్ల పాటు నోట్సు కూడబెట్టాడు. ఆయన ఊళ్లో లేని ఒక చలికాలం, నౌకరు ఆ కాగితాలన్నీ తీసుకెళ్లి బజార్లో చిత్తు కాగితాల కింద తూకానికి అమ్మేశాడు. 1885లో ఆ సంగతి తెలిసి హ్యూమ్ మనసు విరిగిపోయింది. నమూనాలన్నీ లండన్ మ్యూజియానికి ఇచ్చేశాడు, పిట్టల జోలికి పోవడం దాదాపు మానేశాడు. ఆ ఏడాది డిసెంబరులోనే కాంగ్రెస్ మొదటి సభ జరిగింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననను. పాత పేపర్లు వేసేటప్పుడు ఇంట్లో ఎవరి నోట్సు అయినా ఉందేమో ఒకసారి చూసుకోండి, అంతే.

హ్యూమ్ లాంటి దొరల తీరిక వేరని మరిచిపోకూడదు. గుర్రాలు, బంట్రోతులు, తుపాకులు ఉన్న తీరిక అది. పిట్టను చూడటమంటే ముందు కాల్చడమే. అయినా వాళ్లలో ఒకాయనకు మనం కొంత రుణపడి ఉన్నాం. జెర్డన్ అని మద్రాసు సైన్యంలో డాక్టరు, కొన్నాళ్లు నెల్లూరులో పనిచేశాడు. 1862 నుంచి 64 దాకా అచ్చయిన ఆయన పక్షుల పుస్తకంలో ఇంగ్లీషు, లాటిన్ పేర్ల పక్కన, దొరికినంతమేరకు, తెలుగు పేర్లు కూడా ఉంటాయి. మన వేటగాళ్లు, రైతులు చెప్పిన పేర్లు. ఆయన పేరు పెట్టిన పిట్ట ఒకటి మన కడప వైపు చిట్టడవుల్లో ఉండేది. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రిపూట నేల మీద పరుగెత్తే పిట్ట. కలివి పొదల దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు కలివికోడి అంటారు. 1900 తరువాత అది శాస్త్రజ్ఞులెవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి వెతికితే మళ్లీ దొరికింది. దొరికింది ఎలా? ఊరూరా బొమ్మ చూపించి అడిగితే, దాని జాడ తెలిసింది అక్కడి వేటగాళ్లకే. లోకమంతా లేదనుకున్న పిట్ట సంగతి వాళ్లకు తెలుసు, ఎవరూ వాళ్లను అడగలేదంతే. దాని కోసమే తరువాత లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి మార్చారు.

ఇంత దూరం పోనక్కర్లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు ఊరి చెరువు చూడండి. మామూలు పల్లె, మామూలు చెరువు. మధ్యలో కాసిని చెట్లు, వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటాయి. అక్కడికి దగ్గర్లోనే పులికాట్, చలికాలంలో రాజహంసలు దిగేది అక్కడే. కైకలూరు వైపు వాళ్లకు కొల్లేటి ఒడ్డున ఆటపాక ఉంది. శ్రీకాకుళం జిల్లావాళ్లకు తేలినీలాపురం ఉంది. హైదరాబాదులో ఉన్నవాళ్లు అమీన్‌పూర్ చెరువుకు వెళ్లొచ్చు. చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్నా పక్షులు వదలని చెరువు అది, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని తీసుకెళ్తాయి. తెల్లవారుజామున లేవాలి, అదొక్కటే కష్టం.

మన పండుగల్లోనూ పిట్ట ఉంది. దసరా నాడు జమ్మి కొట్టాక పాలపిట్టను చూడాలంటారు. కరెంటు తీగ మీద ముడుచుకుని కూర్చుంటే పాలపిట్ట ఉత్త గోధుమరంగు పిట్ట. రెక్క విప్పిందంటే ఆకాశం రంగూ సముద్రం రంగూ పట్టీలు పట్టీలుగా బయటపడతాయి. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. దసరా రోజుల్లో కొందరు ఈ పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, డబ్బులిస్తే దర్శనం చేయిస్తారు. అది చట్టప్రకారం నేరం. ఆ సంగతి అటుంచి, కట్టేసిన పాలపిట్టలో చూడటానికి ఏముంది? దాని అందమంతా ఎగరడంలోనే ఉంది. ఊరి బయట వరికోతలయిన పొలం పక్కన అరగంట నిలబడితే ఉచితంగా కనిపిస్తుంది.

తీతువు మీద మనవాళ్లు వేసిన నింద కూడా ఇలాంటిదే. రాత్రి తీతువు కూసిందంటే ఎవరికో మూడిందని భయపడతారు. అది గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, బోడి నేల మీద, నాలుగు గులకరాళ్ల మధ్య. మనమో, కుక్కో, నక్కో అటుగా వెళ్తే ప్రాణం బిగబట్టుకుని అరుస్తూ మన తల చుట్టూ తిరుగుతుంది, పక్కకు పొమ్మని. చావు కబురు మోసుకొచ్చే పిట్టగా పేరుపడింది గానీ, పాపం, అది పురిటింటి కాపలా కాస్తోంది. ఇక కోకిల సంగతి. కవులందరూ ఆవిడ, ఆవిడ అని మురిసిపోతారు గానీ, వసంతంలో మామిడిచెట్టెక్కి కూ అని సాగదీసేది నిగనిగలాడే నల్లటి మగకోకిల. ఆడది ఒళ్లంతా తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ మని కీచుగా అరుస్తుంది, అదను చూసి కాకి గూట్లో గుడ్డు పెట్టి వస్తుంది. సినిమా పాటలు రాసేవాళ్లకు ఇది చెప్పినా వినరనుకోండి.

సామాను ఏం కావాలని అడుగుతారు. మొదట ఏమీ వద్దు. ఒక చిన్న పుస్తకం, పెన్సిలు చాలు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేస్తుండగా చూశారో రెండు ముక్కలు రాసుకోండి. పేరు తెలియకపోతే ముక్కు ఎలా ఉంది, తోక ఎంత పొడుగు, నేల మీద నడుస్తోందా గెంతుతోందా, అది రాసుకోండి. గోరింక నడుస్తుంది, పిచ్చుక గెంతుతుంది. ఇంత చిన్న సంగతి పనిగట్టుకుని చూస్తే తప్ప తెలియదు. ఆర్నెల్ల తరువాత కూడా సరదా తగ్గకపోతే అప్పుడు బైనాక్యులర్స్ కొనుక్కోండి. వాటిలో ఎనిమిది ఇంటూ నలభై రెండు అని రాసి ఉన్నవి చూసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం నలభై రెండు మిల్లీమీటర్లు అని అర్థం. పిట్టలకు అది సరిపోతుంది. పది, పన్నెండు రెట్లవి కొంటే చెయ్యి వణికినప్పుడల్లా పిట్ట కూడా వణుకుతుంది. ఫోనులో మెర్లిన్ అనే యాప్ ఉంది, ఉచితం. కూత వినిపిస్తే ఇది ఫలానా పిట్ట కావచ్చు అని చెబుతుంది. చెప్పినదల్లా నమ్మకుండా, కంటితో చూసి ఖాయం చేసుకోవాలి.

కెమెరా గురించి నాకు కాస్త పట్టింపు ఉంది. ఫొటోలు తీయొద్దనను. కానీ బారెడు లెన్సు మెడకు వేసుకున్నవాళ్లు చాలామంది పిట్టను చూడటం మానేసి ఫొటోను చూసుకుంటుంటారు. మంచి ఫొటో కోసం గూటి దగ్గరికి వెళ్లడం, అడ్డం వచ్చిన కొమ్మ విరవడం, ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించడం, ఇవన్నీ చూశాను. గూటి దగ్గరికి మనిషి పదేపదే వెళ్తే పిట్టలు గుడ్లు వదిలేసి పోతాయి, లేదంటే కాకికి దారి తెలుస్తుంది. పైగా ఎన్ని లైకులు వచ్చాయి, ఎవరికి ఏ పిట్ట ముందు దొరికింది అన్న పోటీ వచ్చిందంటే మళ్లీ ఆఫీసు మొదలైనట్టే.

మన రైతుల ఇళ్లలో ఒక అలవాటుండేది, ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. వరికోతలయ్యాక మంచి కంకులు ఏరి, జడలా అల్లి, కింద కుచ్చుగా వదిలి వసారా చూరుకు వేలాడదీస్తారు. పిచ్చుకలు వచ్చి వాలి గింజలు ఒలుచుకు తింటాయి. ఆ కుచ్చు అల్లడం చూస్తే ఎంత నేర్పో తెలుస్తుంది. మూడు పాయలు తీసి, కంకి ముడుచుకోకుండా, గింజ రాలకుండా బిగించాలి. కోతలైన తరువాత కాస్త ఊపిరి పీల్చుకునే రోజుల్లో ముసలాయన అరుగు మీద కూర్చుని అల్లేవాడు. ఎవరూ దాన్ని హాబీ అనలేదు, ఏం లాభం అనీ అడగలేదు. గింజలు పోతే పోయాయి, పిచ్చుకల గోల ఇంటికి కళ అనుకున్నారు. ఈ సంక్రాంతికి ఎవరైనా పెద్దవాళ్లు దొరికితే ఆ అల్లిక నేర్చుకోండి. రెండు మూడు కుచ్చులు పాడయ్యాక గానీ కుదరదు, కుదరని కుచ్చును కూడా పిచ్చుకలు వంక పెట్టకుండా తింటాయి.

సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరిలో ఇంకో సరదా ఉంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని, 1998లో అమెరికాలో మొదలైంది. మన దేశంలో 2013 నుంచి చేస్తున్నారు. నాలుగు రోజుల పాటు ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడైనా, కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి, కనబడిన పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే యాప్‌లో నమోదు చేయొచ్చు. పక్షులు ఎక్కడ పెరుగుతున్నాయో, ఎక్కడ తగ్గుతున్నాయో శాస్త్రజ్ఞులు అంచనా వేసేది ఇలాంటి లెక్కలు చూసే. డాబా మీద కుర్చీ వేసుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చేయొచ్చు. పిల్లలున్న ఇళ్లలో అయితే ఒకరు చూడటం, ఒకరు రాయడం. అరుదైన పిట్టలే రాయాలనుకుంటారు చాలామంది. అదేం లేదు, కాకుల్నీ పావురాల్నీ కూడా రాయాలి. వాటి లెక్క దగ్గరే తగువులొస్తాయి. వచ్చిన కాకి మళ్లీ వచ్చిందా, ఇది ఇంకో కాకా అని. అంత బాధ పడక్కర్లేదు. ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనబడ్డాయో ఆ అంకె వేసేయండి. ఎదురింటి ట్యాంకు మీద కూర్చున్నవి కూడా మీ లెక్కలోకే వస్తాయి.